దత్తతకీ హాస్టల్‌కీ మధ్య ఒక ఇల్లు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్ళలో ఒక పిల్లకి తల్లీ తండ్రీ అందకుండా పోతే పెద్దలు కూర్చుని మాట్లాడుకునేవి రెండే మాటలు. ఎవరైనా పెంచుకుంటారా? లేకపోతే హాస్టల్లో వేసేద్దామా? పెంచుకోవడం అంటే మన లెక్కలో దత్తతే. ఇంటిపేరు మారిపోవాలి, పాత చుట్టరికం తెగిపోవాలి. అంత భారం నెత్తికెత్తుకునేవాళ్ళు దొరకరు కాబట్టి చివరికి హాస్టలే ఖాయం అవుతుంది. మూడో దారి ఒకటి చట్టంలోనే ఉంది. దాన్ని ఫోస్టర్ కేర్ అంటున్నారు. కన్నవాళ్ళు మళ్ళీ నిలదొక్కుకునేదాకా, అది జరగకపోతే పద్దెనిమిదేళ్ళు నిండేదాకా, ఇంకో కుటుంబం ఆ పిల్లని తన ఇంట్లో పెట్టుకుని పెంచుతుంది. ఇంటిపేరు మారదు, ఆస్తిలో వాటా పుట్టదు, కన్నతల్లి తల్లిగానే ఉంటుంది. ఈ సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలు ఈ పనికి పేరు నమోదు చేయించుకోవాలన్నదే ఇక్కడ నా వాదన.

ముందు ఈ పిల్లలు ఎవరో చూడాలి. అనాథలు అనుకుంటాం కానీ వీళ్ళలో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు. తండ్రి కూలికని విశాఖపట్నమో హైదరాబాదో వెళ్ళి ఫోన్ నంబరు మార్చేశాడు. తల్లి మారుమనువు చేసుకుంది, కొత్త ఇంట్లో ఈ పిల్లకి చోటు లేదు. ఇంకోచోట తల్లికి టీబీ, ఆస్పత్రికీ ఇంటికీ తిరగడంతోనే సరిపోతోంది. మరోచోట తండ్రి జైల్లో ఉన్నాడు. ఇలాంటి పిల్లల్ని దత్తతకి ఇవ్వడానికి వీల్లేదు. ఇవ్వాలంటే ముందు కన్నవాళ్ళు బాలల సంక్షేమ సమితి ముందు, అంటే ఇలాంటి పిల్లల సంగతి తేల్చే జిల్లా కమిటీ ముందు, వదులుకుంటున్నామని సంతకం చేయాలి, చేశాక కూడా మనసు మార్చుకోవడానికి చట్టం రెండు నెలల గడువిస్తుంది. వదిలేసి వెళ్ళిపోయిన పిల్ల అయితే కన్నవాళ్ళ కోసం వాకబు చేసి తేల్చాలి. రెండేళ్ళ లోపు పిల్లలకి దానికి రెండు నెలలు, ఆ పై వయసువాళ్ళకి నాలుగు నెలలు. ఇవన్నీ దాటినా, దత్తత అడిగేవాళ్ళలో ఎక్కువమందికి చంటిపిల్లలే కావాలి. తొమ్మిదేళ్ళ పిల్లాడినీ పన్నెండేళ్ళ పిల్లనీ అడిగేవాళ్ళు తక్కువ. ఫోస్టర్ కేర్ ప్రధానంగా వాళ్ళ కోసమే. కేంద్రం 2024లో సవరించిన మార్గదర్శకాలు కూడా ఆరేళ్ళు దాటినవాళ్ళనే లెక్కలోకి తీసుకున్నాయి.

హాస్టళ్ళని నేను తక్కువ చేయను. ఒడిశా ఆశ్రమ పాఠశాలలు లేకపోతే కొండమీద పల్లెల్లో ఎంతోమంది పదో తరగతి ముఖం చూసేవాళ్ళు కారు. హాస్టల్లో అన్నం ఉంటుంది, పుస్తకాలు ఉంటాయి. కానీ వేసవి సెలవులకి గేటు మూసే రోజున తక్కిన పిల్లలందరి కోసం ఎవరో ఒకరు వస్తారు. ఎవరూ రాని పిల్ల ఎక్కడికెళ్ళాలి? దూరపు చుట్టం ఇంట్లో నెలన్నర ఇంటిపని చేస్తూ గడుపుతుంది, లేదా పనికి వెళ్ళే ముఠాతో కలిసి రైలెక్కేస్తుంది. ఏడాదిలో మిగతా నెలలు చదివిన చదువుని ఆ నెలన్నరే తినేస్తుంది.

రుమేనియాలో 2000 తర్వాత మొదలైన ఒక పరిశోధన ఉంది. బుకారెస్ట్ అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లల్ని తీసుకుని, చీటీ తీసినట్టుగా సగం మందిని కుటుంబాలకి పంపారు, సగం మంది ఆశ్రమాల్లోనే ఉన్నారు. కుటుంబాల్లో పెరిగినవాళ్ళ తెలివితేటలు, మనుషులతో పెనవేసుకునే గుణం మెరుగయ్యాయి. రెండేళ్ళ లోపే ఇల్లు చేరినవాళ్ళు అందరికన్నా బాగున్నారు. మన హాస్టళ్ళు ఆ ఆశ్రమాల్లాంటివి కావు, మనం మాట్లాడుకునే పిల్లలు అంత చిన్నవాళ్ళూ కారు. అయినా తనకంటూ ఒక మనిషి ఉండడం పిల్ల మెదడు ఎదుగుదలకి ఎంత అవసరమో దాన్నిబట్టి తెలుస్తుంది. మన జువెనైల్ జస్టిస్ చట్టం 2015 కూడా మూడో సెక్షన్‌లోనే పిల్లల్ని సంస్థలో పెట్టడం ఆఖరి మార్గం కావాలని చెప్పింది.

అయితే పరాయి ఇంటికి పంపడం కంటే ముందు చూడాల్సింది అమ్మమ్మ ఇల్లు. అమ్మమ్మో మేనమామో పిన్నో పిల్లని ఉంచుకోగలిగితే ఫోస్టర్ కేర్ అక్కర్లేదు. వాళ్ళకి కావాల్సింది స్పాన్సర్‌షిప్. మిషన్ వాత్సల్య పథకం కింద నెలకి 4,000 రూపాయలు, పద్దెనిమిది నిండేవరకు వస్తాయి. తల్లీ తండ్రీ పోయి బంధువుల దగ్గర ఉంటున్న పిల్లలు, భర్త పోయిన లేదా వదిలేసిన తల్లి దగ్గర ఉన్న పిల్లలు, కన్నవాళ్ళు ప్రాణాంతక జబ్బుతో ఉన్నవాళ్ళు దీనికి అర్హులు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్నాల్లో 96,000 దాటకూడదు. అర్జీ జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో, అందరూ డీసీపీయూ అనే ఆఫీసులో ఇవ్వాలి. కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ దాన్ని ఆమోదించాలి. బరంపురం వాళ్ళు, జయపురం వాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఊరు ఎంత పెద్దదైనా జిల్లా ఆఫీసులు అక్కడ కాదు. గంజాంకి ఛత్రపురం, కోరాపుట్ జిల్లాకి కోరాపుటే.

ఈ 4,000 అందాల్సిన ముసలమ్మకి అందకపోవడానికి కారణం ఎక్కువసార్లు ఒక్క కాగితమే, తండ్రి మరణ ధ్రువపత్రం. మనిషి ఎక్కడ చనిపోతే అక్కడే నమోదు చేయాలన్నది 1969 నాటి చట్టం. విశాఖపట్నంలో భవనం పనిలో పోయినవాడి సర్టిఫికెట్ గుణుపురంలో ఎంత తిరిగినా రాదు. 21 రోజుల్లోపు చెబితే రుసుము లేదు. ఏడాది దాటితే నమోదుకి మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. 2023 సవరణ తర్వాత ఆ ఉత్తర్వు కోసం కోర్టుకి వెళ్ళక్కర్లేదు, జిల్లా మెజిస్ట్రేటో సబ్ డివిజనల్ మెజిస్ట్రేటో ఇవ్వవచ్చు. కాబట్టి శవాన్ని ఊరికి తెచ్చుకునేటప్పుడే ఆస్పత్రి కాగితం, పోలీసు కేసు అయితే ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం కాగితం జాగ్రత్తగా దాచాలి. ఆ గొడవలో ఇవి ఎవరికీ గుర్తుండవు. పక్కనున్నవాళ్ళు గుర్తుచేయాలి.

రెండో చిక్కు పేర్లది. మనకి ఇంటిపేరు ముందు, ఒడియా కాగితాల్లో చివర. పేరు చివర ‘రావు’ ఉంటే అదే ఇంటిపేరని రాసేస్తారు. తండ్రి ఆధార్‌లో ఒకలా, పిల్ల బడి రిజిస్టర్‌లో ఇంకోలా, బ్యాంకు పుస్తకంలో మూడోలా ఉంటే డబ్బు మంజూరైనా ఖాతాలో పడదు. అర్జీ పెట్టకముందే పిల్ల జనన ధ్రువపత్రం, ఆధార్, బడి పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఒక్కో అక్షరం చూసుకోవాలి. తేడా ఉంటే ముందు బడిలో సరిచేయించాలి. పదో తరగతి సర్టిఫికెట్ వచ్చేశాక మార్పించడం మహా కష్టం. ఖాతాకి ఆధార్ జతచేసి ఉండాలి, కేవైసీ పాతబడి ఉండకూడదు.

కాగితాలు సరే, అసలు అర్జీ పెట్టడానికే భయపడే ఇళ్ళు చాలా ఉన్నాయి. సర్కారోళ్ళకి చెబితే పిల్లని పట్టుకుపోతారేమోనని అమ్మమ్మల భయం. పేదరికం ఒక్కటే కారణంగా పిల్లని ఇంటినుంచి వేరుచేయకూడదని 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి, మన చట్టం నడిచేదీ ఆ దారినే. బాలల సంక్షేమ సమితి ఒక విచారణ నివేదిక తెప్పించుకుంటుంది. ఇంట్లో హింస లేదు, పిల్ల బడికి వెళ్తోంది, తినడానికి ఉంది అని తేలితే అక్కడే ఉంచి సాయం ఇవ్వడం దాని బాధ్యత. అంగన్‌వాడీ టీచర్ని గానీ, సర్పంచుని గానీ వెంట తీసుకెళ్తే ముసలమ్మకి ధైర్యంగా ఉంటుంది.

ఇక బంధువులు లేనివాళ్ళు, ఉన్నా బంధువుల దగ్గర క్షేమంగా ఉండలేనివాళ్ళ సంగతి. ఫోస్టర్ కుటుంబం కావాలంటే పెళ్ళైన జంటకి కనీసం రెండేళ్ళ స్థిరమైన కాపురం ఉండాలి. పెళ్ళి కానివాళ్ళు, భర్తో భార్యో పోయినవాళ్ళు, విడాకులైనవాళ్ళు కూడా 35 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉంటే ముందుకి రావచ్చు. ఇది 2024లో వచ్చిన మార్పు. ఒంటరి మగవాడికి ఆడపిల్లని ఇవ్వరు. సొంత పిల్లలతో కలిపి ఇంట్లో నలుగురికి మించి పిల్లలు ఉండకూడదు. ఆధార్, ఇంటి చిరునామా, ఆదాయం కాగితాలు, వైద్య పరీక్ష, పోలీసు విచారణ, ఇంటిని ఎరిగిన ఇద్దరి మాట, ఇవీ అడిగేవి. తర్వాత డీసీపీయూ నుంచి సోషల్ వర్కర్ ఇంటికి వచ్చి చూసి నివేదిక రాస్తారు. మంచం ఎక్కడ, స్నానాల గది తలుపుకి గడియ ఉందా, బడి ఎంత దూరం, తాగే అలవాటు ఎవరికైనా ఉందా, ఇంట్లో పెద్దాయన దీనికి ఒప్పుకున్నాడా అన్నవి తేలాలి. ఈ చివరి ప్రశ్న దగ్గరే చాలా అర్జీలు ఆగాలి, ఆగడమే మంచిది. ఇంటి కోడలికి ఇష్టమై అత్తగారికి ఇష్టం లేని ఇంట్లో పిల్ల నలిగిపోతుంది.

అన్నీ కుదిరాక సమితి ఉత్తర్వు ఇస్తుంది. ఉత్తర్వు చేతికి రాకుండా పిల్లని ఇంటికి తెచ్చుకోకండి, ఎవరు ఎంత నోటిమాటగా చెప్పినా సరే. నెలనెలా 4,000 వచ్చేది, బడిలో సంతకం పెట్టగలిగేది, రేపు ఎవరైనా ‘ఈ పిల్ల మీకెలా వచ్చింది’ అంటే చూపించగలిగేది ఆ ఒక్క కాగితమే.

మనవైపు ఇంకా వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘పెంపకానికి ఇచ్చితిమి’ అని రాయించి, నోటరీ ముద్ర వేయించి పిల్లని చేతులు మార్చే పద్ధతి ఉంది. ఆ కాగితానికి విలువ లేదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద ఇవ్వాలన్నా షరతులున్నాయి. మామూలుగా పదిహేనేళ్ళ లోపు పిల్లకే అది కుదురుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకి వర్తించదు. మన చుట్టూ ఉన్నది కోంధులూ సవరలూ. వాళ్ళ పిల్లని కోమట్లో కాపులో స్టాంపు కాగితం మీద తెచ్చుకుంటే అది దత్తత కాదు, నేరం వైపు నడక. పద్ధతి తప్పి దత్తత చేసుకున్నా ఇచ్చినా మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. డబ్బు చేతులు మారితే పిల్లల అమ్మకం కిందికి వస్తుంది, అప్పుడు శిక్ష అయిదేళ్ళ దాకా వెళ్తుంది. వాట్సాప్‌లో పిల్ల ఫొటో పెట్టి ‘పెంచుకునేవారు సంప్రదించగలరు’ అని పంపడం కూడా ఇదే దారి. రక్షణ అవసరమైన పిల్ల ముఖం, ఊరు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. మంచి మనసుతో ఫార్వర్డ్ చేసినా అంతే. అలాంటి పిల్ల కనబడితే 1098కి ఫోన్ చేయాలి. 24 గంటల్లోపు సమాచారం ఇవ్వడం చట్టం ప్రకారం మన బాధ్యత కూడా.

పిల్ల ఇంటికి వచ్చాక మొదటి రెండు మూడు నెలలు ఎలా ఉంటాయో చెప్పేవాళ్ళు తక్కువ. మొదటి వారం చాలా బుద్ధిగా ఉంటుంది. చెప్పిన పని చేస్తుంది, ఎదురుమాట్లాడదు. ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు. తర్వాత అసలు పిల్ల బయటికి వస్తుంది. చపాతీ మడతపెట్టి తలగడ కింద దాస్తుంది. అన్నం ఎప్పుడు ఆగిపోతుందో తెలియని చోట పెరిగిన పిల్ల దాచుకోవడం దొంగతనం కాదు. దానికి మందు తిట్టు కాదు, ఒక డబ్బా. మూత ఉన్న స్టీలు డబ్బాలో జంతికలో మరమరాల ఉండలో పోసి, ఇది నీదే, ఎప్పుడైనా తినొచ్చు, అయిపోతే నేనే నింపుతాను అని చెప్పాలి. చెప్పినట్టే అడగకుండా నింపాలి. కొన్ని వారాలకి తలగడ కింద వెతకాల్సిన పని ఉండదు. పక్క తడిపితే పొద్దున్నే నలుగురి ముందు దుప్పటి ఆరేసి పరువు తీయకూడదు. పరుపు మీద ప్లాస్టిక్ షీటు, పక్కనే మార్చుకునే బట్టలు, రాత్రి పడుకునే ముందు బాత్రూముకి పంపడం, అంతే. పదేళ్ళు దాటినా కొత్త ఇంట్లో ఇది మామూలే. ఎక్కువ కాలం ఉంటే డాక్టరుకి చూపించాలి.

పేరు మార్చకండి. ముద్దుపేరుతో కూడా దాన్ని తుడిచేయకండి. అమ్మా నాన్నా అని పిలవమని బలవంతం వద్దు. పిన్నీ బాబాయ్ అనో అత్తా మావా అనో పిలిపించుకోండి. కన్నతల్లి చోటు ఖాళీగా అట్టేపెట్టి మరో చోట ఒద్దికగా కూర్చునే వీలు మన వరసల్లో ఉంది. సొంత పిల్లలకి ముందే చెప్పాలి. ఉన్నట్టుండి గదినీ సైకిల్నీ పంచుకోమంటే వాళ్ళ ఏడుపుకి కూడా న్యాయం ఉంది. ఇద్దరికీ ఒకే కంచాలు, ఒకే బడి ఫీజు, ఒకే తిట్లు. పండక్కి ఒకరికి కొత్త బట్టలు, ఒకరికి పాతవి అయితే ఆ ఇంట్లో ఫోస్టర్ కేర్ ఓడిపోయినట్టే.

అన్నిటికన్నా కష్టం తిరిగి పంపడం. అదే చట్టం 44వ సెక్షన్ ప్రకారం సమితి కారణాలు రాసి వద్దంటే తప్ప కన్నవాళ్ళు పిల్లని చూడడానికి రావచ్చు. వాళ్ళు కోలుకున్నారని సమితి తేల్చితే పిల్ల వాళ్ళింటికి వెళ్ళాలి. తాగుడు మానిన తండ్రి నెలకోసారి వచ్చి గుమ్మంలో కూర్చుంటే మంచినీళ్ళిచ్చి మాట్లాడాలి, పిల్ల ముందు అతన్ని తక్కువ చేయకూడదు. అంత మనసు లేనివాళ్ళు ఈ పనికి రావద్దు, దత్తత వరుసలోనే నిలబడడం మేలు. కన్నవాళ్ళు చివరికీ రాకపోయి, పిల్ల చట్టప్రకారం దత్తతకి వీలైతే, రెండేళ్ళు పెంచిన ఫోస్టర్ కుటుంబం దత్తత అడగవచ్చు. ఇంతకుముందు దీనికి అయిదేళ్ళు ఆగాల్సి వచ్చేది.

తెలుగు కుటుంబాలే రావాలని ఎందుకు పట్టుబడుతున్నానంటే, సరిహద్దులో భాష చిన్న సంగతి కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో కోంధుల కుయి భాష వినే పిల్లని రెండు జిల్లాల అవతల ఒడియా ఒక్కటే మాట్లాడే సంస్థలో వేస్తే, ఏడాది తిరిగేసరికి అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడడానికి మాటలు వెతుక్కుంటుంది. అప్పుడు తిరిగి కలపడానికి కలిసే భాషే ఉండదు. ఒకే సంస్కృతి, తెగ, సముదాయం ఉన్న కుటుంబానికి ప్రాధాన్యం ఇవ్వాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలా ఇవ్వాలంటే జిల్లా జాబితాలో తెలుగు కుటుంబాలు ఉండాలి కదా. సవర కుటుంబాలకీ ఇదే మాట వర్తిస్తుంది. సవర పిల్లకి సవర ఇల్లు దొరికితే మన ఇంటికంటే అదే మేలు.

సరిహద్దు దాటిన పిల్లల సంగతి వేరే ఉంది. రాయగడ స్టేషన్లో దొరికిన పిల్లది పార్వతీపురమో బొబ్బిలో అయితే ఇక్కడి సమితే దాన్ని ఎల్లకాలం ఉంచుకోదు. 95వ సెక్షన్ కింద ఆ పిల్ల సొంత జిల్లా సమితికి అప్పగించాలి. ఎస్కార్ట్ ఉత్తర్వు అందిన 15 రోజుల్లో ప్రత్యేక పోలీసు విభాగం తీసుకెళ్ళాలి, ఆడపిల్ల అయితే మహిళా పోలీసు వెంట ఉండాలి. ఆలస్యం ఎక్కడ జరుగుతుందంటే, పిల్ల చెప్పిన ఊరి పేరుని తెలుగు రానివాళ్ళు రాసుకోవడంలో. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఒకే పేరుతో ‘పేట’ అనీ ‘వలస’ అనీ ముగిసే ఊళ్ళు ఎన్ని ఉన్నాయో! ఊరి చెరువు, గుడి, బస్సు ఎక్కే కూడలి అడిగి తెలుసుకోగల తెలుగువాళ్ళు ఒకరిద్దరు సమితికి అందుబాటులో ఉంటామని పేరిచ్చినా ఎన్నో వారాలు ఆదా అవుతాయి. ఫోస్టర్ కుటుంబం కాలేనివాళ్ళు ఈ పని చేయవచ్చు.

డబ్బు కోసం తెచ్చుకుని పనిమనిషిని చేస్తే ఎలా అని అడుగుతారు. అడగాల్సిందే. సమితి ప్రతి నెలా ఇంటికి వచ్చి చూడాలని చట్టం చెప్పింది, బాగా లేకపోతే పిల్లని వేరే ఇంటికి మార్చాలి. కానీ జిల్లా మొత్తానికి అధ్యక్షుడూ నలుగురు సభ్యులూ కలిపి అయిదుగురే. ఫోన్లోనే పలకరించి తనిఖీ అయినట్టు రాసుకునే ప్రమాదం ఉంది. అందుకే బడి టీచరు, ఆశా కార్యకర్త, పక్కింటివాళ్ళు కళ్ళు తెరిచి ఉండాలి. బడికి వరుసగా ఆలస్యమవడం, చేతులకి సబ్బు నీళ్ళ పగుళ్ళు, పరీక్షల ముందు రోజుల్లో కూడా ఇంటి శుభకార్యం పనికి ఆపేయడం, పిల్ల ఒంటరిగా ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటివాళ్ళు ఎప్పుడూ పక్కనే ఉండడం, వీటిని చూసి ఊరుకోకూడదు. ఈ ప్రమాదం ఉందని ఫోస్టర్ కేరే వద్దనడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఏ ఉత్తర్వూ లేకుండా ‘చుట్టాలమ్మాయి’ అనే పేరుతో ఇళ్ళలో అంట్లు తోముతున్న పిల్లలు ఇప్పటికే ఉన్నారు. వాళ్ళ ఇంటికి తనిఖీకి వచ్చేవాళ్ళే లేరు.

ఇక పద్దెనిమిది నిండేవాళ్ళ గురించి. హాస్టల్లో పెరిగినా ఫోస్టర్ ఇంట్లో పెరిగినా ఆ పుట్టినరోజుతో సాయం ఆగిపోతుందని అనుకుంటారు. 46వ సెక్షన్ కింద ఆఫ్టర్‌కేర్ ఉంది. సంస్థల్లోంచి బయటికి వెళ్ళేవాళ్ళకి 21 ఏళ్ళ దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా చదువుకోవడానికో, పని నేర్చుకోవడానికో సాయం అందుతుంది, మిషన్ వాత్సల్య కింద ఇదీ నెలకి 4,000. ఫోస్టర్ ఇంట్లో ఉన్నవాళ్ళు తమ సంగతి డీసీపీయూలో పదిహేడో ఏడు రాగానే అడిగి తేల్చుకోవాలి. ఈలోగా కుల ధ్రువపత్రం తీసిపెట్టాలి. తహసీల్దారు ఆఫీసులో తండ్రి తరఫు ఆధారాలు అడుగుతారు, తాతగారి భూమి పట్టా నకలు ఉంటే పని తేలికవుతుంది. ఆ పట్టా ఎవరి పెట్టెలో ఉందో చెప్పగలిగేది చాలాసార్లు ఊళ్ళో మిగిలిన నానమ్మ ఒక్కతే కాబట్టి, పిల్ల ఇంటికి వచ్చిన మొదటి ఏడాదే ఆవిడ దగ్గరికి వెళ్ళి నకలు తీయించి, జనన ధ్రువపత్రంతో, సమితి ఉత్తర్వుతో కలిపి ఒకే ఫైల్లో పెట్టాలి.